మైలలో తవ్విన నుయ్యి

జీపు ఇంకా రాలేదు. ప్రోతరాపూర్ మలుపులో ఏ బండి గేరు మార్చినా ఆ మోత కొండకి కొట్టుకుని ఇక్కడిదాకా వస్తుందని మల్లేశుకి తెలుసు. అందుకే చెవులు అటు వేసి, కళ్ళు గోతి మీద పెట్టుకుని కూర్చున్నాడు. పేట జనమంతా గోతి చుట్టూ మట్టిదిబ్బల మీద చేరారు. అతనొక్కడే ఎడంగా పడాక్ చెట్టు మొదట్లో, మాసిన గడ్డంతో, ఒంటి మీద ఒక్క పంచెతో. కర్మ చేసేవాడు పదిమందిలో కలిసి కూర్చోకూడదు. పెళ్ళాం గురమ్మ పోయి ఇంకా పెద్దదినం కాలేదు. పేటంతా ఒక్క ఇంటిపేరు, అంచేత పేటంతా మైల. మార్చి నెల ఎండ నెత్తిన కూర్చుంది. పేట ముందరి సముద్రపు పాయలో, ఖాడీలో, ఆటు తీసేసి బురద కంపు కొడుతోంది, మడచెట్ల వేళ్ళు బోసిగా బయటపడ్డాయి. గోతి అడుగున మాత్రం నీళ్ళున్నాయి. నిన్న పొద్దుగూకే వేళ పలుగు దెబ్బకి చెమర్చి, ఊరి, తేరుకుని, ఇప్పుడు ఓ ఆకాశం ముక్కని పరుచుకుని కదలకుండా ఉన్నాయి. చుట్టూ కూర్చున్న ప్రతి గొంతూ ఎండిపోయి ఉంది, అయినా ఒక్కరూ దిగి దోసిలి పట్టరు. అవి తాగొచ్చో తాగకూడదో ఇంకా తేలలేదు. సర్కారు సాబ్ జీపు దిగి ఒక్క మాట అడుగుతాడు, ఆ మాటకి వీళ్ళేం చెబుతారో దాన్నిబట్టి తేలాలి. తవ్వినందుకు కూలి ముట్టిందా, ఇదీ ఆ మాట. ముట్టిందంటే సర్కారువారి గ్రాంటు పోతుంది, సిమెంటు ఒరలు రావు, తొలి వానలకే గట్లు విరిగి గొయ్యి పూడిపోతుంది. ముట్టలేదంటే మైలలో దానం చేసినట్టవుతుంది, ఆ నీళ్ళు ఎవరూ ముట్టరు.

ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, ఇక్కడ రెండూ ఒక్కటే అయి కూర్చున్నాయి. గురమ్మ ఉంటే ఈ మాటకి నవ్వేది. నోటితో కాదు, ముక్కుతో నవ్వేది. నెత్తిన బిందె ఉండగా నవ్వవలసొచ్చి, మెడ కదలకుండా నవ్వడం నేర్చుకుంది, ఆ తర్వాత బిందె లేనప్పుడు కూడా ఆ నవ్వే నిలిచిపోయింది. ఓడలో వచ్చేటప్పుడు అలా ఉండేది కాదు. భీమిలి అవతల పేట వదిలి, సర్కారు చేపలవాళ్ళని పిలుస్తోంది, అక్కడ స్థలమిస్తుంది, వలకి నూలిస్తుంది అంటే ఓడెక్కినప్పుడు, దారి పొడుగునా కక్కుకుంటూ కూడా నోరంతా తెరిచి నవ్వింది. సముద్రంలో బతికేవాడి పెళ్ళానికి సముద్రం పడలేదని జనం ఆట పట్టిస్తే తనే ముందు నవ్వింది. దీవి కనబడ్డప్పుడు రేలింగు పట్టుకుని చూసి చూసి, ఇంత పచ్చదనమున్నచోట నీళ్ళకి కరువుండదు, బతికిపోయాం అంది. నిజమే, సగం ఏడాది వానలు. బట్టలు ఆరక బూజు పట్టేవి, ఉప్పు కరిగి కుండలోంచి కారిపోయేది. అయితే సంక్రాంతి వెళ్ళిందా, కొండ ఒక్కసారిగా చేతులెత్తేసేది. వెనకవైపు కొండవాగు, నాలా అంటారిక్కడ, తెగి గుంటలు గుంటలుగా మిగిలేది, ఆ గుంటల్లో అడవిపందులు పొర్లేవి. ఆడవాళ్ళు కొండెక్కి, చిప్పతో తోడి, పైట చెంగుతో వడగట్టి, దిగి వచ్చేసరికి కూర పొయ్యి మీద మాడిపోయేది. ఇంట్లో మూడో మనిషి లేదు. ఇద్దరికీ ఒక్క బిందె చాలు. అయినా ఆవిడ రెండోసారి ఎక్కేది, ముసలి కాళమ్మకి మోకాళ్ళు పట్టేశాయని ఆ ఇంటికీ తెచ్చేది.

ఎప్పుడు మొదలుపెట్టిందో మల్లేశుకి తెలియదు. వేటకెళ్ళి వచ్చేసరికి గురమ్మ ఇంట్లో ఉండేది కాదు, అంతే. ఎక్కడికెళ్ళావంటే ఆపీసుకి అనేది. మొదట చేపల ఆపీసు. వాళ్ళు వలకి నూలిస్తాం, పడవకి సాయమిస్తాం, నుయ్యి మాది కాదన్నారు. తర్వాత రోడ్ల ఆపీసు. మీ పేట రోడ్డుకి దూరం అన్నారు. ఆ తర్వాత మరొకటి, అక్కడ మీ పేట పేరే ఎక్కలేదు పొమ్మన్నారు. ఒక్కర్తీ తిరిగి లాభం లేదని గట్టు మీది యిర్మియాని వెంటేసుకుంది. యిర్మియా గోదావరి జిల్లానుంచి వచ్చిన క్రైస్తవుడు, సిప్పీఘాట్ ఫారంలో మేస్త్రీ, హిందీలో అర్జీ రాయగలవాడు. గట్టు మీద అలాంటి తెలుగు క్రైస్తవుల ఇళ్ళు గుప్పెడున్నాయి, వాళ్ళకీ ఆ నాలాయే గతి. ఆ రోజు సంగతి యిర్మియా చెప్పగా పేటంతా చెప్పుకుంది. బల్ల వెనకాల బాబు తలెత్తకుండానే, "కిస్ హెడ్ మే దేగా దీదీ? బోలో, కౌన్‌సా హెడ్?" అన్నాడట. ఏ పద్దు కింద ఇవ్వమంటావు అని వాడి లెక్క. హెడ్డంటే నెత్తి అని మాత్రం గురమ్మ ఆస్పత్రి కాంపౌండరు దగ్గర నేర్చుకుంది. అరచెయ్యి నడినెత్తిన పెట్టుకుని, "ఈ హెడ్డే బాబూ. రోజూ దీని మీదే మోత్తన్నాం. దీని కిందే రాసుకోండి" అందట. ఆపీసంతా నవ్వింది. నవ్వినవాడే లేచి, కుర్చీ చూపించి, బ్లాకు ఆపీసుకి వెళ్ళండి, కమ్యూనిటీ హెడ్‌లో ఉంది డబ్బు అని దారి చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మల్లేశుతో, "మనకీ ఓ హెడ్డున్నాదటయ్యా" అని ముక్కుతో నవ్వింది. అతనేమీ అనలేదు. అప్పుడేమైనా అనుండవలసింది. మంచిపని చేశావనో, కాళ్ళు నొప్పెట్టాయా అనో. మాటలు అతనికి వలలోకి రాని చేపలు, పక్కనుంచి మెరిసి పోతాయి.

ఏదో మోత. జనం లేచి నిలబడ్డారు. ఫారం లారీ. మళ్ళీ కూలబడ్డారు. అప్పలరాముడు చుట్ట నోట్లో పెట్టుకున్నాడు గాని వెలిగించలేదు, దాహం పెరుగుతుందని కాబోలు. కాళమ్మ, మల్లేశుకి పెద్దమ్మ, పేటకి పెద్ద, గట్టంచున గొంతుక్కూర్చుని నీళ్ళకేసి చూస్తోంది. చూసి, నాలికతో పెదవులు తడుపుకుని, ముఖం పక్కకి తిప్పేసుకుంటోంది.

బ్లాకు ఆపీసు గ్రామసేవక్ సైకిలు మీద వచ్చిన రోజు కూడా అందరూ ఇలాగే కూర్చున్నారు. అప్పుడు గొయ్యి లేదు, గురమ్మ ఉంది. "ఆధా సర్కార్, ఆధా పబ్లిక్" అన్నాడతను. సగం సర్కారు, సగం మీరు. సిమెంటు, ఒరలు, మేస్త్రీ ఖర్చు సర్కారుది. తవ్వకం, మట్టి మోత, రాయి, ఇసక మీవి. ఆ మీ సగాన్ని శ్రమదాన్ అంటారు. యిర్మియా దాన్ని శ్రమదానం అని తెలుగు చేశాడు, మార్చడానికేముంది అందులో. కాళమ్మ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "దానమా? మనమా? ఎవలికిరా, సర్కారుకా?" గురమ్మ అందుకుంది. "అవునత్తా. సర్కారోడే మన గుమ్మంలోకి దానానికొచ్చాడు. నేదని పంపేస్తే పాపం కాదేటి?" జనం గొల్లున నవ్వారు. నవ్వినా ఆ మాట వాళ్ళ మనసుకి పట్టింది. పేటలో ఒకరి ఇంటికప్పు వెయ్యడానికి పదిమంది వెళ్తారు, ఒకరి పడవని పదిమంది తోస్తారు, దాన్ని సాయం అంటారు, సాయానికి సాయం తిరిగొస్తుంది. దానం వేరు. దానం నీళ్ళు వదిలి ఇచ్చేది, దేవుడి ఎదటో, పోయిన మనిషి పేరనో. పుట్టి బుద్ధెరిగాక, చావు కర్మలకి తప్ప, దానం పుచ్చుకోవడమేగాని ఇచ్చే యోగం లేని జనం, గంప నెత్తిన పెట్టుకుని "దానానికెల్తన్నాం" అని ఒకరినొకరు పిలుచుకుంటూ బయల్దేరేవారు. యిర్మియా ఆ రోజు సాయం అని చెప్పుంటే ఇవాళ ఈ చిక్కు లేదు. ఎవరికి తెలుసు. తాడు మామూలు తాడే, ముడి ఎక్కడ పడుతుందో లాగాకనే తెలుస్తుంది.

ఎర్రమట్టి దిగింది, పచ్చమట్టి దిగింది, సముద్రం ఎప్పుడో వదిలిపోయిన గవ్వలూ పగడపుముక్కలూ వచ్చాయి. గురమ్మ ఓ గవ్వ తీసి నాలిక మీద పెట్టుకుని, ఉప్పు లేదు, మంచి నీళ్ళే పడతాయి అంది. అది ఆవిడ గోతిలో దిగిన ఆఖరు రోజు. నాలా గుంటల నీళ్ళు అప్పటికి చీముపచ్చగా మారాయి. అందరూ తాగినవే ఆవిడా తాగింది. అందరికీ ఏమీ కాలేదు, ఆవిడకి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. చూస్తుండగానే కళ్ళు లోపలికి పోయాయి, చేతివేళ్ళు ఉతికిన బట్టలా ముడతలు పడ్డాయి. తెల్లారి బస్సుకి ఆస్పత్రికి తీసుకెళ్దామనుకున్నారు. ఆటు తీసే వేళకి మనిషి పోతాడని పేటలో నమ్మకం. మల్లేశు గుమ్మంలో నిలబడి ఖాడీ చూశాడు. పోటు నిండుగా ఉంది, మడచెట్ల వేళ్ళు కనబడటం లేదు, ఫరవాలేదనుకున్నాడు. లోపలికెళ్ళి ఆవిడ కాలు పట్టుకుని కూర్చుని, మళ్ళీ వచ్చి చూస్తే వేళ్ళ మీద తడి గీత కనబడింది. నీళ్ళు ఓ బెత్తెడు కిందకి దిగాయి. సముద్రాన్ని ఆపగలవాడెవడు. అయినా వాకిట్లో నిలబడి, ఉండు, కాస్సేపు ఉండు అని నీళ్ళతో అన్నాడు. అప్పటిదాకా జీవితంలో అన్ని మాటలు ఒక్కసారిగా బయటికి అన్నది అదే. అతను ఖాడీతో మాట్లాడుతుండగా లోపల కాళమ్మ ఏడుపు అందుకుంది. అంటే ఆఖరు ఊపిరప్పుడు గురమ్మ దగ్గర లేడు. నీళ్ళ దగ్గరున్నాడు.

ఆ ఏడుపుతోనే పలుగులు ఆగిపోయాయి. మైలింట్లోంచి దానం గడప దాటితే ఇంకో మనిషిని వెంటబెట్టుకుపోతుందని కాళమ్మ అంది, కాదనేవాడు పేటలో లేడు. మామూలు పనయితే చేసేవారే. మైలలో వల ఎండేసుకోరా, కట్టెలు కొట్టుకోరా. దీనికి దానమని పేరుంది, అదొచ్చిపడింది. గ్రామసేవక్ సైకిలు మీద పరిగెత్తుకొచ్చాడు. మార్చి దాటితే డబ్బు వెనక్కి పోతుంది, పోయిన డబ్బు మళ్ళీ రాదు, సాబ్ చూడటానికి వచ్చే రోజు కూడా ఖాయమైపోయింది, పబ్లిక్ సగం అప్పటికి పూర్తయి కనబడాలి. అతను మంచివాడే, కాళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని మరీ చెప్పాడు. "తప్పేముంది అమ్మా, దాన్ తో పుణ్య్ హై" అన్నాడు. "మీ పున్యం మీకుండనీ బాబూ, మాకు మనుసులు కావాల" అంది కాళమ్మ. యిర్మియా తన మనుషుల్ని అడిగాడు, మాకు మైల లేదు, మేం తవ్వుతాం అన్నారు వాళ్ళు. ఆదివారం ఆరాధన అయ్యాక జ్ఞానయ్య, దేవప్రసాదు, ఇంకొంతమంది తెల్లచొక్కాలు విప్పి చెట్టుకి తగిలించి దిగారు. చీకటిపడేదాకా తవ్వినా మోకాలి లోతే దిగింది. సోమవారం వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళవి.

అప్పుడే మల్లేశుకి వల గుర్తుకొచ్చింది. పెద్దవల. నూలు వల, ముక్క ముక్కా విడిగా అల్లి తాళ్ళతో కలిపి కుట్టేది. గురమ్మ కాపరానికొచ్చిన కొత్తలో అరుగు మీద కాళ్ళు జాపుకుని, కాలి బొటనవేలికి నూలు బిగించి, చేపలు చేరే సంచిముక్క తనే అల్లింది. కన్ను కన్నుకీ ముడి వేసేటప్పుడు పెదవి కొరుక్కునేది. ఆ వల ఓడలో వాళ్ళతోపాటే వచ్చింది, ఇన్నేళ్ళూ తిండి పెట్టింది. దాన్ని మోసుకొచ్చి ఇసక మీద పరిచి, కుట్లు విప్పుతూ కూర్చున్నాడు. జనం చూస్తూ నిలబడ్డారు, ఏం చేస్తున్నావని ఎవరూ అడగలేదు, పెళ్ళాం పోయినవాడిని అడగడానికి జంకు. విప్పడం పూర్తయ్యాక, "తవ్వినోడికి తలో ముక్క. ఇది కూలి. కూలికి మైల నేదు" అన్నాడు. అప్పలరాముడు వెనక్కి జరిగాడు. "ఒరే మల్లేశూ, వల ముక్కలైపోతే ఏటకేటి పట్టుకెల్తావు?" మల్లేశు మొదటి ముక్క చుట్టి అతని ముందు పెట్టాడు. కాళమ్మ వచ్చి వలని చేత్తో ఎత్తి వాసన చూసింది. "సముద్రంలో మునిగేదానికి మైలేటి. కూలంటే కూలే, ఒప్పుకోండి" అంది. ఒప్పుకున్నారు. ముక్కలు తీసుకున్నారు, తలలు దించుకుని తీసుకున్నారు, ఆ రాత్రి లాంతర్లు పట్టుకుని దిగి, మర్నాడు ఎండలోనూ ఆగకుండా తవ్వారు. నీళ్ళు చెమర్చాక ఎవరూ కేక వెయ్యలేదు. సంచిముక్క ఆఖర్న మట్టి మోసిన కాళమ్మకి వెళ్ళింది. ఇస్తున్నప్పుడు వల కన్నుల్లోంచి వేళ్ళు రాలేదు అతనికి, చిక్కుకున్నాయి, ఆవిడే ఒక్కొక్క వేలూ విడదీసి తీసుకుంది.

యిర్మియా చెట్టు దగ్గరికొచ్చాడు. మైల మనిషికి దూరంగా నిలబడాలన్న పట్టింపు అతనికి లేదు, పక్కనే చతికిలబడ్డాడు.

"మల్లేశూ, ఆ సాబ్ సంగతి కనుక్కున్నాను. బ్రూక్షాబాద్ అవతల ఎక్కడో కాంట్రాక్టరొకడు కూలోళ్ళని పెట్టి తవ్వించి, శ్రమదానం అని రాసేశాడంట. ఆ గ్రాంటు పీకేశారు. అప్పట్నించీ ఎక్కడికెళ్ళినా మజ్దూరీ మిలీ క్యా, కూలి ముట్టిందా, అనే అడుగుతున్నాడంట."

"ఊ."

"ఒక్క మాట, భయ్యా. నహీ మిలా. ముట్టలేదని, రెండే ముక్కలు. మీ పెద్దమ్మతో చెప్పు, నువ్వు చెబితే వింటుంది."

"నువ్వు సెప్పలేదేటి?"

"చెప్పాను. ముట్టలేదని నోటితో అంటే అది దానమైపోదా, పుచ్చుకున్న కూలిని లేదంటే ఆ ముక్కలు మాకెలా సెల్లుతాయి అంటుంది. మా పాస్టరుగారు కూడా అబద్ధమాడమని చెప్పరనుకో." యిర్మియా గడ్డిపరక తెంపి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. "గురమ్మ దీదీ ఉంటే ఎలాగోలా తేల్చేది. ఆ హెడ్డు సంగతి తల్చుకుంటే ఇప్పటికీ..." నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆవిడ ఉంటే మైలే ఉండదు కదా అనుకున్నాడు మల్లేశు. ఆవిడ లేదు కనక ఈ చిక్కు, ఆవిడ ఉంటే ఈ చిక్కు విప్పేది. ఈ రెండు మాటలూ పడవ పక్కన పడవలా ఊగాయి కాసేపు. అబద్ధం చెప్పడం అతనికి పెద్ద పని కాదు, అసలు మాటే తక్కువ, ఉన్న మాటకీ లేని మాటకీ ఒకటే శ్రమ. అయితే ఆ అబద్ధాన్ని పేట నమ్మేస్తుందే, అదీ భయం. ముట్టలేదు అన్న మాట గాలిలోకి వెళ్ళిందంటే, రేపు ఎవరి పిల్లకి జ్వరం తగిలినా ఈ నీళ్ళవల్లే అంటారు. కట్టిన నుయ్యిలో ఆకులు రాలి కుళ్ళుతాయి, ఆడవాళ్ళు దాని పక్కనుంచే బిందెలతో కొండెక్కుతారు. ఎవడో పరాయి సాబ్ వచ్చి, చూశారా, వీళ్ళకి నుయ్యిస్తే వాడుకోరు అంటాడు.

మలుపులో గేరు పడింది. ఈసారి లారీ కాదు.

జీపు ముక్కు కనబడగానే జనం లేచి బట్టలు దులుపుకున్నారు. సాబ్ చిన్నమనిషి, కళ్ళద్దాలు, చంకల కింద చెమట మరకలు, పొద్దున్నించీ ఎన్ని గోతులు చూశాడో పాపం. గ్రామసేవక్ టేపు పట్టుకుని దిగి లోతు కొలిచాడు. సాబ్ నీళ్ళు చూసి తలాడించాడు, అచ్ఛా పానీ హై అన్నాడు, ముఖంలో ఓ క్షణం నిజంగానే సంతోషం కనబడింది. తర్వాత అందరికేసి తిరిగి కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగాడు. "ఏక్ బాత్ సచ్ సచ్ బతావ్. ఇస్ కామ్ కా మజ్దూరీ మిలా కిసీకో?"

యిర్మియా కళ్ళు మూసుకున్నాడు. అప్పలరాముడు కాళమ్మకేసి చూశాడు, కాళమ్మ మల్లేశుకేసి చూసింది, చూసి, వయసులో పెద్దది కనక ఆ మాట తన మీదే వేసుకుంది. "మిలా సాబ్. సబ్‌కో మిలా" అంది, అందరికీ ముట్టిందని, ఏ మాత్రం తడబడకుండా. దానం కాదు, మేమెవరమూ దానం చెయ్యలేదు, మా ఇళ్ళలోంచి ఎవరినీ తీసుకుపోవద్దు అని పైనున్నవాళ్ళకి వినబడేలా అంది. సాబ్ ముఖంలో ఇందాకటి సంతోషం ఆరిపోయింది. గ్రామసేవక్ టేపు చుట్టడం మానేశాడు. "కిస్‌నే దియా?" అన్నాడు సాబ్. ఎవడిచ్చాడు.

ఎవడిచ్చాడు. మల్లేశు లేచి నిలబడ్డాడు. ఇంత చిన్న మాట ఇన్నాళ్ళూ తనకి తట్టలేదేం. వల లాగినవాళ్ళ పాళ్ళు వాళ్ళకిచ్చేస్తే ఒడ్డున మిగిలిన చేప ఎవడిది? వలవాడిది. కూలి ముట్టిన చెయ్యి బాకీ లేని చెయ్యి, అది చేసిన పని కూలిచ్చినవాడిది. అంటే ఈ గొయ్యి తనది. ఆ పలుగు దెబ్బలన్నీ తనవి. పేటలో ఎవరూ దానం ఇవ్వకూడదు గాని, మైలలో దానం ఇవ్వగలవాడు ఒక్కడున్నాడు, ఇవ్వవలసినవాడు, కర్మ చేసేవాడు. భీమిలి ఒడ్డున అయ్య పెద్దదినాన, మీసాలు రాని వయసులో, కంచు చెంబు దాసరికి దానం పట్టాడు తను, నీళ్ళు వదిలి, అయ్య పేరు చెప్పి. మర్నాడు ఎండలో దారిలో దాసరి కనబడి, దాహంతో ఉన్నావురా అబ్బీ అని ఆ చెంబుతోనే నీళ్ళందించాడు. అంచు పెదవికి తగలబోతుండగా కాళమ్మ వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టేసుకుంది. ఇచ్చినదాంట్లో ఇచ్చినోడు తాగకూడదురా. ఎప్పుడూనా అని అడిగాడు. ఎప్పుడూనే అంది. ఆ చల్లని అంచు ఇప్పటికీ పెదవి మీద ఉంది. ఎప్పుడూనే. సాబ్ చూస్తున్నాడు, చేతిలో పెన్ను తెరిచి ఉంది, జనమంతా చూస్తున్నారు. మాట ఈసారీ వలలోకి రాదనుకున్నాడు. వచ్చింది.

"మజ్దూరీ హమ్ దియా సాబ్. హమారా వల కాట్ కే దియా. కామ్ ఇన్‌కా నహీ. కామ్ హమారా." గోతికేసి చెయ్యి చూపించాడు. "సబ్ హమారా దాన్. హమారా ఔరత్ గురమ్మ కే నామ్ పే."

కూలిచ్చింది తను, పని తనది, అదంతా పెళ్ళాం పేరన తన దానం. సాబ్‌కి సగమే అర్థమయింది. యిర్మియా కళ్ళు తెరిచి, గబగబా ముందుకొచ్చి, మిగతా సగం విప్పి చెప్పాడు, వల సంగతి, మైల సంగతి, హెడ్డు సంగతి కూడా. సాబ్ విన్నాడు. వింటూ మల్లేశు గడ్డం చూశాడు, ఒంటి మీది ఒక్క పంచె చూశాడు, చూపు దించుకున్నాడు. "సబ్ కా హిస్సా ఏక్ ఆద్మీ నే దే దియా?" అన్నాడు గ్రామసేవక్‌తో, మెల్లిగా, అందరి వాటా ఒక్కడే ఇచ్చేశాడా అని. శ్రమయినా, సామానయినా, ఇచ్చింది పబ్లిక్కే కదా అని తనకి తనే చెప్పుకున్నట్టు అని, రాసి, పబ్లిక్ హిస్సా పూరా అన్నాడు. ఒరలు నెలాఖరులోగా దింపిస్తానని జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగింది. తర్వాత అప్పలరాముడు నిచ్చెన దిగి కొబ్బరిచిప్ప ముంచి పైకందించాడు. నీళ్ళు చేతులు మారుతూ గోతి చుట్టూ తిరగడం మొదలైంది. తాగినవాళ్ళు మూతి తుడుచుకుని ఊరుకున్నారు. యిర్మియా తాగి, రెండో చిప్ప పట్టుకుని చెట్టుకేసి నాలుగడుగులు వేశాడు. "ఆడికియ్యకు, నాయినా" అంది కాళమ్మ. యిర్మియాకి అర్థం కాలేదు, చిప్ప పట్టుకుని మధ్యలో నిలబడిపోయాడు. మల్లేశు తల అడ్డంగా ఊపాడు. వెళ్ళమన్నట్టు చెయ్యి ఆడించాడు. అర్థమయ్యేసరికి యిర్మియా చేతిలో నీళ్ళు తొణికి నేల మీద పడ్డాయి, ఎర్రమట్టి తాగేసింది.

చిప్ప చివరికి కాళమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, అడుగుదాకా తాగింది.

"ఎలగున్నాయి, పెద్దమ్మా?" అన్నాడు మల్లేశు, చెట్టు దగ్గర్నుంచే.

ఆవిడ అతనికేసి చూడలేదు. "ఏటున్నాయిరా," అంది, "నీల్లలాగే ఉన్నాయి." ఖాళీ చిప్పని మళ్ళీ గోతిలోకి అందించింది.